పడవలోని తొట్టి, దాని గాలిగొట్టం

2017 సెప్టెంబరు 10వ తేదీన మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు ‘తారిణి’ అను తెరచాప పడవలో గోవా నుండి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 254 దినాల తరువాత 2018 మే 21వ తేదీన మరల గోవా చేరినారు. వారిలో ఇద్దరు మన తెలుగు ఆడపడుచులు: విశాఖపట్నానికి చెందిన స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. పడవ పొడవు 17 మీటర్లు. ఆ వార్త విన్ననాడు మా ఇంట చిన్నవాడు తుఫానులను గురించి అడుగలేదు, తిమింగలాలను గురించి అడుగలేదు. “నాన్నా, మరి వాళ్ళు దొడ్డికి ఎక్కడికి వెళతారు?” అన్నాడు. పెద్దలు కసిరినారు. నేను నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్నలో నవ్వదగినది ఏమీ లేదని మరుసటి సంవత్సరం, తారిణిలో సగం పొడవైనా లేని ఒక చిన్న పడవలో ముక్కు మూసికొని కూర్చున్నప్పుడు నాకు తెలిసివచ్చినది. ఆ పడవ సంగతే ఈనాడు మీకు మనవి చేస్తున్నాను. భోజనాల వేళకు ముందే ప్రసంగం ముగుస్తుంది కనుక శ్రోతలు నన్ను మన్నించగలరు.

ఇంగ్లీషు నావికులు పడవలోని మరుగుదొడ్డిని ‘హెడ్’ అంటారు. అనగా తల. పూర్వం పెద్ద తెరచాప ఓడలలో నావికుల కొరకు ఓడ ముక్కు దగ్గర, నీటిపైకి చొచ్చుకొని వచ్చిన భాగంలో, రంధ్రాలు చేసిన బల్లలు అమర్చేవారు. అడ్డచాపలు కట్టిన ఆ ఓడలు ఎదురుగాలికి నడువలేవు. గాలి ఎక్కువగా వెనుకనుండో ప్రక్కనుండో వీస్తుంది. కనుక ముక్కు దగ్గరి వాసన ముందుకే పోతుంది గాని ఓడమీదికి రాదు. క్రిందనుండి ఎగసిపడు అలలే ఆ చోటును కడిగివేసేవి. కెప్టెనుకు మాత్రం ఓడ వెనుకభాగాన, తన గదిని ఆనుకొని ప్రత్యేకపు గది ఉండేది. హోదా అన్నది అక్కడ కూడా తప్పలేదన్నమాట. ఓడలు మారినవి, చాపలు మారినవి, మరుగుదొడ్డి గదిలోపలికి వచ్చినది, కాని పేరు మాత్రం ‘తల’గానే నిలిచిపోయినది.

గదిలోపలికి వచ్చిన తరువాత కూడా చిరకాలం చిన్న పడవలలో ఏర్పాటు సులభమైనదే. ఒక పింగాణీ పాత్ర, ప్రక్కన చేతిపంపు. పిడిని క్రిందికీ పైకీ ఆడిస్తే సముద్రపు నీరు లోపలికి వస్తుంది, మలినం మరొక గొట్టం ద్వారా సముద్రంలోనికి పోతుంది. సముద్రం పెద్దది, పడవ చిన్నది, ఎవరికి లెక్క? కాని పడవలు ఒకటి రెండు కాక వేలూ లక్షలూ అయినవి. అవి నిలిచేది నడిసముద్రంలో కాదు, పిల్లలు ఈదులాడు రేవులలో, మనుష్యులు తిను చేపలు, నత్తగుల్లలు పెరుగు అఖాతాలలో. అందువలన అమెరికా ప్రభుత్వం 1972లో చేసిన జలకాలుష్య నివారణ చట్టంలో 312వ విభాగాన్ని పడవల మరుగుదొడ్ల కొరకే కేటాయించినది. తీరానికి 3 నాటికల్ మైళ్ళలోపల, అనగా ఇంచుమించు ఐదున్నర కిలోమీటర్లలోపల, శుద్ధిచేయని మలినాన్ని నీటిలోనికి వదలరాదు. మరి ఏమి చేయవలె? పడవలోనే ఒక తొట్టిలో నిల్వచేసికొని, ఒడ్డుకు వచ్చి పంపుతో తోడించుకొనవలె. దీనినే వారు ‘హోల్డింగ్ ట్యాంకు’ అంటారు. మనం నిల్వతొట్టి అందాము.

చట్టం ఒక్క వాక్యంలో చెప్పిన ఈ మాట పడవ యజమానికి ఎంత పని కల్పించినదో మా మేనమామగారి కుమారుని పడవలో చూచినాను. అతడు మేరీలాండ్ రాష్ట్రంలో, చెసపీక్ అఖాతానికి దగ్గరగా స్థిరపడినాడు. ఆ అఖాతం పొడవు దాదాపు 320 కిలోమీటర్లు ఉన్నా, సగటు లోతు ఆరున్నర మీటర్లు మాత్రమే. అంతటి వెడల్పైన నీరు చూచి సముద్రమనుకుంటాము గాని అది చాలామేరకు లోతు తక్కువగా ఉన్న నీరు. అందులో నత్తగుల్లలకు, పీతలకు ప్రసిద్ధి. ఎదిగిన నత్తగుల్ల ఒక్కటి అనుకూలమైన ఋతువులో రోజుకు 50 గ్యాలన్ల వరకు నీటిని వడగడుతుందంటారు. నీటిలో ఉన్న రోగక్రిములను కూడా అదే విధంగా తనలో నింపుకుంటుంది. దానిని పచ్చిగా తినువారు అక్కడ కొల్లలు. అఖాతమంతా మూడు మైళ్ళ గీతకు లోపలిదే కనుక అందులో ఎక్కడా తొట్టి గుమ్మరించుటకు వీలులేదు.

2019 వేసవిలో నేను వెళ్ళేసరికి మా అత్తయ్యగారు కాకినాడ నుండి వచ్చి అక్కడ ఉన్నారు. కోనసీమ కాలువలలో పడవప్రయాణాలు చేసి పెరిగిన మనిషి. కొడుకు పడవ కొన్నాడని విన్ననాటినుండి ఎక్కవలెనని ముచ్చట. ఒక ఆదివారం దద్దోజనం డబ్బాతో, నేతచీరతో పడవ ఎక్కినారు. ఇరవైయేడు అడుగుల పాత పడవ, రెండవచేతిది. పైన గాలి హాయిగా ఉన్నది. ఎండ ముదిరి ఆమె లోపలి గదిలోనికి వెళ్ళి కూర్చున్నారు. పావుగంటలో పైకి వచ్చి, తల పట్టుకొని, నా చెవిదగ్గర మెల్లగా అన్నారు: “ఏమయ్యా, పడవ బాగానే ఉంది గాని, దీని పొట్టలో ఏదో చచ్చింది.”

మెల్లగా అన్నా కొడుకు విన్నాడు. అతని ముఖం చిన్నబోయినది. ఆ సాయంత్రం అసలు సంగతి చెప్పినాడు. రెండేళ్ళుగా భార్య ఆ పడవలో అడుగుపెట్టలేదు. తొట్టిని ఎన్నోసార్లు కడిగినాడు. అంగడిలో దొరికిన నీలిరంగు మందులన్నీ పోసినాడు. వాసన పోలేదు. “అమ్మేద్దామనుకుంటున్నాను బావా. అమ్మ ఒక్కసారి ఎక్కితే చాలు, తరువాత అమ్మేద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. ఇదిగో, ఇలా అయింది” అన్నాడు. పడవను చిన్నప్పటినుండి కలగని కొన్నవాడు ఆ మాట అనడం నాకు కష్టమనిపించినది.

మరుదినం తొట్టి తోడించుటకు రేవులోని పంపు దగ్గరకు వెళ్ళినాము. 1992లో అమెరికాలో మరొక చట్టం వచ్చి, ఇటువంటి పంపులు కట్టించుటకు రాష్ట్రాలకు ధనసహాయం లభించినది. అందువలన ఆ తీరాన అవి అనేకం ఉన్నవి, రుసుము కూడా స్వల్పం. పడవపైన ఒక ఇత్తడి మూత ఉంటుంది. అది తీసి, లావుపాటి గొట్టపు మూతి అందులో బిగించి, మీట తిప్పితే పంపు పీల్చుకుంటుంది. మా వాడు మీట తిప్పినాడు. నిమిషమైనా కాలేదు, లోపలినుండి టప్పున ఒక శబ్దం. మంచంబల్ల ఎత్తి చూస్తే తొట్టి ప్రక్కలు పండుముసలి బుగ్గలవలె లోపలికి పీక్కొనిపోయినవి. ఒక మూలన జానెడు చీలిక. మిగిలిన మురుగు చీలికగుండా పడవ అడుగుకు కారుతున్నది.

ఎందుకు ఇట్లా జరిగినది? తొట్టిలోని ద్రవాన్ని పంపు లాగినప్పుడు ఆ ఖాళీలోనికి బయటి గాలి రావలెను. రాకపోతే బయటి వాతావరణం తొట్టి గోడలమీద కూర్చుంటుంది. వాతావరణపు బరువు చదరపు అడుగుకు ఇంచుమించు 960 కిలోలు. లోపల పదోవంతు శూన్యం ఏర్పడినా ప్రతి చదరపు అడుగు పైన 96 కిలోల మనిషి ఎక్కినట్లే. గాలి వచ్చుటకే తొట్టి నెత్తిన ఒక సన్నని గొట్టం పెట్టి, దాని చివరను పడవ ప్రక్కకు తీసికొనివచ్చి వదలుతారు. అదే గాలిగొట్టం. మా వాడు బయటి రంధ్రంలో ఒక తీగ పెట్టి కదిపినాడు. ఎండిన మట్టి రాలినది, మట్టివెంట ఎండిన సాలీళ్ళు రాలినవి. కందిరీగ జాతిలో మట్టితో గూడు కట్టేది ఒకటి ఉన్నది, మనవైపు కుమ్మరిపురుగు అంటారే, దాని వంటిదే. సాలెపురుగులను పట్టితెచ్చి పిల్లలకు ఆహారంగా లోపల పెట్టి, ద్వారం మట్టితో మూసి వెళ్ళిపోయినది. ఆ పురుగును ఏమనగలము? ఎండ తగలని, వాన పడని, వేలెడు వెడల్పైన గుహ దానికి అంతకంటె ఎక్కడ దొరుకుతుంది?

కాని తప్పంతా పురుగుది కాదు. గొట్టాన్ని ఊడదీసి చూస్తే, అది పదహారు మిల్లీమీటర్ల సన్నని గొట్టం. తొమ్మిది అడుగుల పొడవున నాలుగు మలుపులు తిరిగి, మధ్యలో బొడ్డుతాడువలె క్రిందికి వ్రేలాడుతున్నది. వ్రేలాడిన చోట నీరు నిలిచి ఉన్నది. పురుగు రాకముందు కూడా అందులోనుండి గాలి ఆడియుండదు. పడవ కట్టినవారు తొట్టిని లెక్కపెట్టినారు, మంచాన్ని లెక్కపెట్టినారు. గాలిగొట్టాన్ని మాత్రం చివరకు మిగిలిన సందులలోనుండి పోనిచ్చినారు.

ఇక్కడ కొంత శాస్త్రం చెప్పవలసి ఉన్నది. తొట్టిలోని మలినాన్ని జీర్ణంచేయు సూక్ష్మజీవులు రెండు తెగలవి. ఒక తెగకు ప్రాణవాయువు కావలెను. అవి పనిచేస్తే పుట్టేది ముఖ్యంగా బొగ్గుపులుసు వాయువు, దానికి వాసన లేదు. రెండవ తెగ ప్రాణవాయువు లేనిచోట విజృంభిస్తుంది. అవి పనిచేస్తే మీథేన్, దానితోబాటు కుళ్ళిన గ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు పుడుతవి. సముద్రపు నీటితో కడిగే మరుగుదొడ్డిలో ఈ రెండవ వాయువు మరింత అధికం. ఎందుకనగా సముద్రజలంలో సల్ఫేటు లవణాలు ఉన్నవి, ఆ జీవులు ప్రాణవాయువుకు బదులు వాటిని వాడుకుంటవి. మన పల్లెలలో పెంటకుప్పను తిరగవేసిన రైతుకు ఈ సంగతి పుస్తకం చదువకుండానే తెలుసును. గాలి తగిలిన పైపొర మట్టివాసన వేస్తుంది, అడుగున అణగిన భాగం తవ్వగానే ముక్కు బ్రద్దలవుతుంది. కనుక వాసన మలినం వలన మాత్రమే కాదు, మలినానికి గాలి ఆడకపోవడం వలన. నీలిరంగు మందులు ఏమి చేస్తున్నవి? కొన్ని పరిమళంతో కప్పిపెడుతున్నవి. ఫార్మాల్డిహైడు కలిసినవి రెండు తెగలనూ చంపుతున్నవి. అటువంటి మందు తోడివేసిన తరువాత ఒడ్డున మురుగును శుద్ధిచేయు చోట ఉపయోగపడు జీవులను కూడా బాధిస్తుంది.

హైడ్రోజన్ సల్ఫైడును గూర్చి ఒక్కమాట అదనంగా చెప్పుటకు అనుమతించండి. అతిస్వల్పంగా ఉన్నప్పుడే ముక్కు దానిని పట్టుకుంటుంది. కాని గాలిలో పదిలక్షల పాళ్ళలో నూరు పాళ్ళకు చేరేసరికి వాసన పట్టే శక్తినే అది చంపివేస్తుంది. వాసన పోయినది కదా అని దిగినవాడు మరల పైకి రాడు. గాలికంటె బరువు కనుక పల్లానికి చేరుతుంది. పడవలో అంత మోతాదు సామాన్యంగా రాదు. కాని మన పట్టణాలలో ఇండ్ల సెప్టిక్ ట్యాంకులలోనికి, మురుగు గోతులలోనికి మనుష్యులను దింపుతున్నాము, వారిని చంపుతున్నది తరచు ఈ వాయువే. ప్రమాదకరమైన ఈ పనికి మనుష్యులను దింపరాదని 2013లో మన పార్లమెంటు చట్టం చేసినది. ఆ తరువాత కూడా మరణాల వార్తలు మన వార్తాపత్రికలలో ఆగలేదు. మీ ఇంటి సెప్టిక్ ట్యాంకుకు డాబాకంటె ఎత్తుగా నిలిపిన గొట్టం కూడా గాలిగొట్టమే. అది లోపలి వాయువును మీ తలలపైనుండి పంపుటకు పెట్టినదే గాని, మనిషి దిగుటకు లోపలిని క్షేమం చేయదు.

మరల పడవకు వస్తాను. మా అత్తయ్యగారి తిరుగుప్రయాణానికి మూడు వారాల గడువు ఉన్నది. ఈలోపల క్రొత్త తొట్టి పెట్టి తీరవలెనని మా వాడు, చేతనైనంత సాయం చేయుదునని నేను, పనికి దిగినాము. పలుగు పట్టుటకు, దీపం చూపుటకు, వస్తువులు నీట జారవిడుచుటకు మాత్రమే నేను పనికివచ్చినానన్నది నిజం.

మొదటి ప్రశ్న తొట్టి దేనితో చేసినది కావలె? లోహం పనికిరాదు. మూత్రం, ఉప్పునీరు కలిసి అల్యూమినియంను, తుప్పుపట్టని ఉక్కును సైతం అతుకుల దగ్గర తినివేస్తవి. మందపు పాలిథిన్ తొట్టి మేలు. అయితే పాలిథిన్‌కు ఏ జిగురూ అంటదు. గొట్టాలు తగిలించు మూతులను తయారుచేసినచోటనే వేడితో అతికించి, మరలు కోసి ఇవ్వవలెను. అందువలన ఏ గొట్టం ఏ ప్రక్కన, ఏ ఎత్తున రావలెనో తొట్టి తెప్పించుటకు ముందే నిర్ణయించుకొనవలె. రెండవ ప్రశ్న పరిమాణం. 15 గ్యాలన్ల తొట్టి, అనగా 57 లీటర్లు. చేతిపంపుతో పొదుపుగా కడిగితే ఒక్కసారికి రెండు లీటర్లు. ముగ్గురు మనుష్యులు రోజుకు ఐదేసిసార్లు అనుకుంటే 30 లీటర్లు. రెండు రోజులకు కొంచెం తక్కువగా వస్తుంది. ఇంకా పెద్దది పెట్టరాదా అన్నాను. నిండిన తొట్టి 57 కిలోలకు పైబడిన బరువు, అది పడవ ముక్కు దగ్గర ఉంటే పడవ తలవంచుకొని నడుస్తుంది, అదీగాక నిండకుండా రోజులతరబడి నిల్వ ఉండేది పెద్దతొట్టిలోనే అన్నాడు.

స్థలం పాతదే, ముందుభాగాన మూడుమూలల మంచం క్రింద. మా వాడు అట్టముక్కలతో ఖచ్చితమైన కొలతకు ఒక బొమ్మతొట్టి చేసినాడు. మంచం క్రింద చక్కగా పట్టినది. కాని గదితలుపులోనుండి అది లోపలికి పోలేదు! పడవను తొట్టిచుట్టూ కట్టినారో ఏమో అని నవ్వుకున్నాము. చివరకు నాలుగంగుళాలు తక్కువ వెడల్పు గలది తెప్పించినాము, దానివలన రెండు గ్యాలన్లు నష్టం. ఆ అట్టపెట్టె చేయకుండానే తొట్టి కొనియుంటే రేవుగట్టుమీద నీళ్ళతొట్టిగా వాడుకొనవలసివచ్చేది. అడుగున చదునైన చెక్క పరచి, నాలుగు ప్రక్కలా చెక్కదిమ్మెలు బిగించి, పైన పటకాపట్టీలతో కట్టినాము. పడవ ఒరిగినప్పుడు తొట్టి వెంట్రుకవాసి కదిలినా గొట్టాల మూతులు వదులవుతవి. నిండినప్పుడు ప్రక్కలు కొంత ఉబ్బుతవి కనుక దిమ్మెలకూ తొట్టికీ మధ్య కొద్దిపాటి ఎడం విడిచినాము.

గొట్టాల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను. వాసన తొట్టిలోనుండే రానక్కరలేదు, ముప్ఫైయెనిమిది మిల్లీమీటర్ల లావుపాటి మురుగు గొట్టాల గోడలగుండా కూడా రావచ్చును. కాలక్రమాన నాసిరకపు గొట్టం వాసనను పీల్చుకొని చెమర్చుతుంది. పరీక్ష చాలా సులభం. ఒక శుభ్రమైన గుడ్డను వేడినీటిలో ముంచి, పిండి, గొట్టానికి చుట్టి, చల్లారిన తరువాత తీసి గుడ్డను వాసన చూడవలెను. గుడ్డకు వాసన పట్టితే గొట్టం పనికిరానట్లే. మా వాడు ఈ పరీక్ష చేసి గుడ్డ నాకు అందించినాడు. బంధుత్వం కొద్దీ ఇచ్చిన గౌరవం! గొట్టాలన్నీ మార్చినాము. ప్రతి మూతికి రెండేసి క్లాంపులు.

అసలు పని ఇప్పుడు వస్తున్నది, గాలిగొట్టం. క్రొత్తదానికి పదహారు మిల్లీమీటర్లకు బదులు ఇరవైయైదు మిల్లీమీటర్ల గొట్టం తీసికొన్నాము. వ్యాసంలో తేడా తొమ్మిది మిల్లీమీటర్లే గాని, గాలిపోవు దారి రెండున్నర రెట్లు పెరిగినది. ఒకటి కాదు, రెండు గొట్టాలు పెట్టినాము. తొట్టి నెత్తిన ఎడమకొనన ఒకటి పడవ ఎడమప్రక్కకు, కుడికొనన మరొకటి కుడిప్రక్కకు. ఒకే గొట్టం ఉంటే గాలి పోవడమే గాని రావడం అరుదు. ఎదురెదురు కిటికీలు లేని గదిలో ఉక్కపోసినట్లే తొట్టిలోనూ ఉక్కపోస్తుంది. రెండు ప్రక్కలా ద్వారముంటే గాలి ఒకవైపున దూరి, ద్రవం పైభాగాన్ని తాకి, రెండవవైపున వెళ్ళిపోతుంది. ఆ తాకిడియే కావలసినది. మొదటితెగ జీవులకు ఊపిరి అందుతుంది, రెండవతెగ చేసిన వాయువు పుట్టినది పుట్టినట్లే పలుచబడిపోతుంది. తొట్టి అడుగున చేపలతొట్టికి పెట్టునటువంటి చిన్న గాలిపంపు పెట్టి బుడగలు వదలువారు కూడా ఉన్నారు. మాకు దాని అవసరం కనిపించలేదు.

గొట్టం పొట్టిగా ఉండవలె, నిటారుగా ఉండవలె, తొట్టినుండి బయటివరకు ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే పోవలె. వ్రాయుటకు మూడు మాటలు, చేయుటకు మూడు రోజులు. నిటారుగా పోవు దారికి మా వదినగారు బట్టలు పెట్టుకొను అర అడ్డువచ్చినది. అరను కోయవలె, లేదా గొట్టాన్ని వంచవలె. “బట్టలు ఎక్కడైనా పెట్టుకుంటాను, ముందు వాసన పోనీయండి” అని ఆమె ఫోనులోనే అనుమతి ఇచ్చినారు. అరను కోసినాము.

తరువాత పడవ ప్రక్కలో రెండు రంధ్రాలు తొలువవలె. మునిగితే ప్రాణంపోవు వస్తువుకు స్వహస్తాలతో రంధ్రం చేయడం ఎంత కష్టమో చూచినాను. మా వాడు బర్మా చేతపట్టి పదినిమిషాలు కదలలేదు. ఎక్కడ తొలువవలెనన్నది అంతకంటె పెద్ద చిక్కు. తెరచాప పడవ నిలువుగా నడువదు, గాలికి ఒరిగి నడుస్తుంది. ఒరిగినవైపు అంచు గట్టిగాలిలో నీటిని తాకుతుంది. గాలిగొట్టపు మూతి అక్కడ ఉంటే అలలు తొట్టిలోనికే పోతవి. అందుచేత పడవ అన్నిచోట్లకంటె ఎత్తుగా ఉండేది ముక్కుదగ్గర కనుక, ముక్కుకు ఇరువైపుల, పైఅంచుకు సాధ్యమైనంత సమీపంగా తొలిచినాము. రంధ్రపు అంచులకు రెసిన్ పూసి ఆరనిచ్చి, తరువాత కంచు మూతులు బిగించినాము. మూతులకు దోమతెర వంటి జల్లెడ పెట్టుదామని నేను సలహా చెప్పినాను. పెట్టవద్దన్నాడు. జల్లెడలో తుంపరలు ఎండి, ఉప్పు పేరి, పురుగుకంటె ముందుగా అదే మూసుకుంటుందట. బొగ్గుపొడి నింపిన వాసన వడపోతలు అమ్ముతారు, అవి తడిసినా అదే గతి. పడవను కడిగినప్పుడెల్లా మంచినీటి గొట్టాన్ని ఆ మూతికి ఆనించి క్షణకాలం లోపలికి నీరు పంపడమే తగిన ఉపాయం. రంధ్రం సన్నగా పాడగా నీరు పోతే దారి తెరిచి ఉన్నట్లు, వెనక్కు చిమ్మితే మూసుకున్నట్లు.

గాలిని గూర్చిన మాట ఇంకొకటి ఉన్నది, అది పడవ ప్రాణానికి సంబంధించినది. మరుగుదొడ్డి పాత్ర నీటిమట్టానికి దిగువగా ఉంటుంది. సముద్రంనుండి కడుగునీరు తెచ్చు గొట్టాన్ని తెరచి మరచిపోతే, సైఫన్ అని బడిలో చదువుకున్నాము చూడండి, ఆ నియమం చొప్పున సముద్రం దానంతట అదే లోపలికి వస్తుంది. రేవులో కట్టియుంచిన పడవలు తెల్లవారేసరికి మునిగియుండడం ఈ కారణాన జరిగినదే. దానికి విరుగుడు, గొట్టాన్ని నీటిమట్టానికి ఎంతో పైకి వంపుగా తీసికొనివెళ్ళి, వంపు నెత్తిన గాలి దూరు చిన్న కవాటం పెట్టడం. పడవ పూర్తిగా ఒరిగినా ఆ నెత్తి నీటికి జానెడు పైన ఉండవలెను. మా వాని పడవలో వంపు ఉన్నది గాని కవాటం ఉప్పుపేరి బిగుసుకొనియున్నది. అదీ మార్చినాము. పడవ దిగునప్పుడు సముద్రద్వారపు మీట మూయవలెనని తలుపుమీద తెలుగులో వ్రాసి అంటించినాడు, వచ్చిన స్నేహితులు అదేదో మంత్రమనుకున్నారట.

అంతా బిగించి, ముందు మంచినీటితో నింపి ఒక రాత్రి ఉంచినాము. ఒక అతుకు చెమర్చినది, బిగించినాము. తరువాత పంపురేవుకు తీసికొనివెళ్ళి తోడించినాము. ఈసారి మంచంబల్ల ఎత్తి నేను దీపం పట్టుకొని చూస్తున్నాను. మీట తిప్పగానే ముక్కుదగ్గర రెండు కంచుమూతులలోను బుస్సుమని గాలి పీల్చుకొను శబ్దం వినవచ్చినది. తొట్టి ప్రక్కలు కదలలేదు. మా వాడు మీట ఆపి, మరల తిప్పి, ఆ శబ్దాన్ని రెండవసారి విన్నాడు.

అత్తయ్యగారి ప్రయాణానికి నాలుగు రోజుల ముందు మరల పడవ ఎక్కినాము. ఆమెతోబాటు కోడలు కూడా ఎక్కినది. ఆ వారమంతా పడవను మూసియుంచి, ఎండలో నిలిపి, మా వాడు కావలెననే పరీక్షకు పెట్టినాడు. తొట్టి సగం నిండియున్నది. తలుపు తెరచినప్పుడు తడిచెక్క వాసన వచ్చినది, కొద్దిగా రంగు వాసన వచ్చినది. అత్తయ్యగారు లోపల కూర్చుని, కాకినాడ ఆవకాయ ఎవరి పాలికి ఎంత రావలెనో లెక్కలు చెపుతూ గంటన్నర గడిపినారు. మరుగుదొడ్డి వాడినారు కూడా. వచ్చి, “పంపు కొట్టడం బోరింగు కొట్టినట్టే ఉందిరా” అన్నారు. చిన్నతనంలో కాలువపడవలో పోయేటప్పుడు ఆడవాళ్ళు దిగుతామంటే సరంగు పొద్దుగూకినదాకా పడవ ఒడ్డుకు తీసేవాడు కాదని, అందుకని దారిపొడుగునా నీళ్ళు త్రాగేవారు కాదని అప్పుడు చెప్పినారు. అంతవరకు ఆ సంగతి ఆమె కొడుకుకు కూడా చెప్పియుండలేదు. ఆ పూట ఆమె మజ్జిగ రెండుమార్లు అడిగి త్రాగినారు.

పడవ అమ్మలేదు. శీతకాలంలో దానిని ఒడ్డుకు ఎక్కించి, తొట్టి ఖాళీచేసి, కడిగి, పురుగులు గూడు కట్టకుండా రెండు మూతులలోను గుడ్డలు కుక్కి వస్తాడు. వసంతంలో గుడ్డ తీయడం మరచిపోతే కథ మొదటికి వస్తుంది కనుక ప్రతి గుడ్డకు మూరెడు ఎఱ్ఱరిబ్బను కట్టి, దాని రెండవ కొనను పంపు తోడే ఇత్తడిమూతకు ముడివేస్తాడు. రిబ్బను విప్పనిదే మూత రాదు. ఏటేటా ఏప్రిల్ నెలలో ఒకనాడు నాకు ఫోను చేసి, “బావా, రిబ్బన్లు విప్పాను” అంటాడు.